ఎదుటివారి మాటలో తప్పు దొరికితే



భాష మీద ఇష్టం ఉన్నవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. తప్పు కనపడితే ఊరుకోలేరు. ఆహ్వాన పత్రికలో ఒత్తు ఎగిరిపోయినా, వేదిక మీద ఎవరైనా ఒక మాటకు బదులు ఇంకో మాట అనేసినా, మనవరాలు ఫోన్లో క్రియ తప్పు చెప్పినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఆ బాధ నిజమైనదే. దాన్ని తక్కువ చెయ్యను. కాని ఆ తప్పును ఎప్పుడు చెప్పాలి, ఎవరి ముందు చెప్పాలి, ఏ గొంతుతో చెప్పాలి అన్నది మనకు ఏ బడిలోనూ నేర్పలేదు. ఇవాళ ఆ మర్యాద గురించి మాట్లాడదలిచాను.

మన శాతవాహన రాజు కథ ఒకటి ఉంది. పదకొండో శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో వస్తుంది. రాజు రాణులతో జలక్రీడలు ఆడుతున్నాడు. నీళ్లు చిమ్ముతుంటే ఒక రాణి అలిసిపోయి, నన్ను నీళ్లతో కొట్టకండి అని సంస్కృతంలో అంది. మా అంటే వద్దు, ఉదకైః అంటే నీళ్లతో. రెండూ కలిస్తే గుణసంధి జరిగి మోదకైః అయింది. రాజుకు ఆ సంధి తెలియదు. మోదకాలతో కొట్టమంటోంది కాబోలనుకుని అప్పటికప్పుడు బోలెడన్ని మోదకాలు తెప్పించాడు. రాణి నవ్వింది. నీళ్లాటలో మోదకాలకు పనేమిటి, ఆమాత్రం సంధి కూడా తెలియదా అంది. చుట్టూ ఉన్న పరివారమూ నవ్వింది.

తర్వాత జరిగింది చూడండి. రాజు ఆట మానేసి లోపలికి వెళ్లిపోయాడు. తిండి మానేశాడు, మాట మానేశాడు. మంత్రులు గుణాఢ్యుడూ శర్వవర్మా వెళ్లి కారణం కనుక్కున్నారు. వ్యాకరణం రావాలంటే పన్నెండేళ్లు పడుతుంది, నేనైతే ఆరేళ్లలో నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు. శర్వవర్మ ఆరు నెలలు చాలన్నాడు. అదే జరిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ విడిచిపెడతానని గుణాఢ్యుడు పంతం కట్టాడు. శర్వవర్మ నెగ్గాడు. గుణాఢ్యుడు మౌనం పట్టి అడవికి పోయాడు. అక్కడ పైశాచీ భాష నేర్చుకుని అందులోనే బృహత్కథ రాశాడు.

ఈ కథను సాధారణంగా పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. అవమానం వల్లే రాజు చదువుకున్నాడు కదా అంటారు. నాకు అలా తోచదు. రాణి చెప్పిన వ్యాకరణం అక్షరాలా నిజం. ఆమె సరైన సంగతే చెప్పింది, కాని పదిమంది ముందు నవ్వుతూ చెప్పింది. దాంతో ముందు ఒక రాజు నోరు మూతపడింది, చివరకు గొప్ప కథకుడొకడు తనకు వచ్చిన మూడు భాషలూ వదులుకోవలసి వచ్చింది. రాజుకు ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పేందుకు మంత్రి దొరికాడు. మన మధ్య నవ్వులపాలైన మామూలు మనిషికి అలాంటివాడెవడూ దొరకడు. అతను ఆ మాట మళ్లీ అనడు, అంతే. సభలో లేచి మాట్లాడడు, అర్జీ తన చేత్తో రాయడు.

అందుకే నేను ఒకే ఒక్క సంగతి చూసుకుంటాను. మనం తప్పు చెప్పాక ఆ మనిషి ఇంకా మాట్లాడుతున్నాడా, మానేశాడా? మాట్లాడుతుంటే మనం దిద్దినట్టు. మానేస్తే మనం చెప్పిన వ్యాకరణం ఎంత గట్టిదైనా చేసిన పని చెడ్డది.

అసలు దిద్దడానికి ముందు, అది తప్పేనా అన్నది తేల్చుకోవాలి. తెలంగాణలో వచ్చిండు అంటారు. రాయలసీమలో వచ్చినాడు అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వచ్చీసినాడు అని వినపడుతుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో వచ్చాడు అంటారు. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఈ చివరి రూపాన్ని ఎక్కువగా వాడడంతో మిగతావి తప్పులన్న భావం చాలామందిలో నాటుకుపోయింది. గ్రాంథిక భాషకు చిన్నయసూరి రాసిన బాలవ్యాకరణం 1858లో వెలువడింది. ఆ వ్యాకరణం లెక్కన చూస్తే వచ్చాడు అన్నది కూడా గ్రామ్యమే. పాత గ్రాంథిక వచనంలో కనపడే వచ్చినాఁడు అన్న రూపానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది రాయలసీమ వాళ్ల మాట. ఆ మాట అన్నందుకే కాలేజీ హాస్టళ్లలో ఎంతమంది పిల్లలను ఆట పట్టించారో, ఎన్ని సినిమాల్లో ఆ యాసను దుర్మార్గుడి నోట పెట్టారో మీకు తెలుసు. తెలంగాణ మాటకూ, ఉత్తరాంధ్ర మాటకూ జరిగింది ఇదే. కవి కాళోజీ నారాయణరావు గారు జీవితాంతం ఈ విషయం మీద కోపంగా, ప్రేమగా మాట్లాడారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. యాసను దిద్దడం అనేది అసలు లేదు. యాస ఆ మనిషి ఊరు, వాళ్లమ్మ గొంతు. దాని జోలికి వెళ్లే హక్కు మనకు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29న జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన పండితులతో చేసిన వాదాలు అందరికీ తెలుసు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అన్న పుస్తకంలో, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనల్లోంచే, వాళ్లు ప్రమాణంగా చెప్పే వ్యాకరణం ప్రకారమే తప్పులు ఏరి చూపించారు. ఆ పుస్తకం పేరు విని ఆయనను తప్పులు పట్టే మనిషి అనుకునేవాళ్లున్నారు. నాకు తోచేది వేరు. అంత చదివినవాళ్లకే తప్పు లేకుండా రాయడం సాధ్యం కాని భాషను బడిపిల్లల నెత్తిన పెట్టి, రాలేదని మార్కులు కోస్తారా అన్నది ఆయన ఆవేదన. పిల్లల కోసం పెద్దల తప్పులు చూపించారు. అధికారం ఉన్న పండితులను పేరుపెట్టి నిలదీశారు. వాళ్లు తిరిగి జవాబు చెప్పుకోగలవాళ్లు, చెప్పుకున్నారు కూడా. నలుగురి ఎదుట తప్పు పట్టవలసి వస్తే అలాంటివాళ్లనే పట్టాలి.

గిడుగు వారి జీవితంలో నన్ను ఇంకా కదిలించేది సవర భాష. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండల్లో ఉండే సవరల మాట నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకు అప్పటికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవర మాట్లాడేవాళ్లను ఇంటికి పిలిపించుకుని, వాళ్లు అంటుంటే విని రాసుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోయింది. 1931లో ఆయన రాసిన సవర భాషా గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆ నేర్చుకునే కాలమంతా ఊహించుకోండి. ఇంత పండితుడు ఒక మాట పలకడం, ఎదురుగా కూర్చున్న కొండమనిషి కాదు అలా కాదు అనడం, ఈయన మళ్లీ పలకడం. అక్కడ గురువు చదువు రాని మనిషే. తనను ఒకరు దిద్దుతుంటే ఓపికగా కూర్చున్న మనిషికి, ఇతరులను ఎలా దిద్దాలో వేరే చెప్పనక్కర్లేదు.

సరే, యాస కాదు, నిజంగా తప్పే అనుకుందాం. ఇక్కడ కూడా నోటి మాటకూ రాతకూ తేడా చూడాలి. ధనాన్ని దనం అని, భయాన్ని బయం అని పలికేవాళ్లను చూసి మొహం చిట్లించేవాళ్లున్నారు. ఒత్తక్షరాలు మనకు సంస్కృతం మాటలతో వచ్చి చేరాయి. అచ్చతెనుగు మాటల్లో అవి దాదాపు లేవు. తరతరాలుగా తెలుగు నోరు వాటిని తేలిక చేసుకుంటూనే ఉంది. రేడియోలో వార్తలు చదివేవారు ఒత్తులు పలకాలి, పద్యం పాడేవారు పలకాలి, అది వారి వృత్తిధర్మం. కూరగాయలు అమ్మే ఆమెకు ఆ నియమం పెట్టడం అన్యాయం. రాతలో మాత్రం ఒత్తు కావాలి, ఎందుకంటే కొన్నిచోట్ల అర్థమే మారుతుంది.

ఆ రాతలో ఒక విచిత్రం గమనించాను. బాధ అని రాయవలసిన చోట భాద అని రాస్తారు. విద్యార్థి అన్నచోట విధ్యార్థి, హార్దిక అన్నచోట హార్ధిక. ఇవి అశ్రద్ధ వల్ల వచ్చిన తప్పులు కావు. ఒత్తు వదిలేశావని చిన్నప్పుడు ఎవరో గట్టిగా అంటే, ఆ భయంతో ఎక్కడ పడితే అక్కడ పెట్టిన ఒత్తులు. ఈ తప్పులు చాలామటుకు మన దిద్దుబాటు నుంచే పుట్టాయని నా నమ్మకం.

ఏడో తరగతి పిల్ల వ్యాసం రాసిందనుకోండి. మా భర్రె సచ్చిపోయినాది, అమ్మ రెండురోజులు అన్నం తిన్లేదు అని మొదలుపెట్టింది. పేజీ అంతా తప్పులే. ఎర్ర సిరాతో అన్నిటికీ సున్నాలు చుట్టి ఇచ్చేస్తే ఆ పిల్లకు ఏం కనపడుతుంది? ఎరుపు కనపడుతుంది. వచ్చేసారి బర్రె గురించి రాయదు. వృక్షాల వలన ఉపయోగాలు అని గైడులో ఉన్నది ఎక్కించి తెస్తుంది. అందులో ఒక్క తప్పూ ఉండదు, ఆ పిల్లా ఉండదు. అదే టీచరు పక్కన కూర్చోబెట్టుకుని, దాని పేరేం పెట్టుకున్నారమ్మా, పాలెన్ని ఇచ్చేది అని అడిగి, తర్వాత బర్రెకు ఒత్తు అక్కర్లేదురా అని ఆ ఒక్కటి చెబితే చాలు. సచ్చిపోయినాది ఈ వారానికి అలాగే ఉండనివ్వచ్చు. అది వాళ్లింట్లో మాట. ఒకసారికి ఒక రకం తప్పే పట్టుకోవాలని మంచి ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఇది చదువు చెప్పేవారికే కాదు, ఇంట్లో పెద్దలకూ వర్తిస్తుంది.

ఇక వేళ సంగతి. దిద్దుకునే వీలున్నప్పుడు చెబితే సాయం. వీలు దాటిపోయాక చెబితే ఆ మనిషికి మిగిలేది బాధే. పదవీ విరమణ సన్మాన సభకు కార్డు వేయిస్తున్నారు. ఆహూతులందరికీ విందు కలదు అని ఉండాలి. ఆహూతులంటే పిలవబడినవాళ్లు. దీర్ఘం పోయి ఆహుతులు అని పడింది. అంటే అగ్నిలో వేసేవి. ప్రూఫు చేతికి వచ్చినప్పుడు తప్పకుండా చెప్పాలి. ఎలా చెప్పాలంటే, బాబాయ్, కార్డు చాలా బాగా వచ్చింది, ఈ కింది లైన్లో హు కి దీర్ఘం పడలేదేమో, ప్రెస్సు వాళ్లను ఒకసారి చూడమందామా అని. ఏమో, చూడమందామా అన్న ఈ మెత్తటి మాటలు మన తెలుగులో ఊరికే లేవు. పెద్దవాళ్ల తప్పును వాళ్లే కనిపెట్టినట్టు దారి ఇవ్వడానికే అవి ఉన్నాయి. కార్డులు పంచేశాక మాత్రం ఆ దీర్ఘాన్ని మరిచిపోండి. బాగుందండీ, తప్పకుండా వస్తాం అనండి.

ఆమధ్య ఒక పెద్దకర్మకు వెళ్లాను. షామియానా ముందు ఫ్లెక్సీ కట్టారు. పెద్దాయన ఫొటో, కింద శ్రద్దాంజలి అని రాసి ఉంది. ద కింద ధ ఒత్తు పడాలి, దకు ద ఒత్తే పడింది. చాలామంది చూసే ఉంటారు, ఎవరూ ఏమీ అనలేదు. ఒక బంధువు మాత్రం గుండు చేయించుకుని వడ్డిస్తున్న కొడుకును పిలిచి, ఏరా అబ్బాయ్, చదువుకున్నవాడివి, మీ నాన్న ఫొటో కింద అక్షరం తప్పు రాయించావేం అన్నాడు. ఆ కుర్రవాడు చేతిలో కూర గిన్నెతోనే వెనక్కి తిరిగి చూశాడు. సాయంత్రం దాకా ఎవరు వచ్చి పలకరించినా అతని కళ్లు ఆ అక్షరం మీదికే పోయాయి. తండ్రిని తలుచుకోవలసిన రోజును ఆ మాట అతనికి కాకుండా చేసింది. అక్షరం మాత్రం అలాగే ఉంది. ఆ బంధువు దుర్మార్గుడేమీ కాదు. తెలుగు బాగా వచ్చినవాడు, అంతే. దుఃఖంలో ఉన్నవాళ్ల భాష జోలికి వెళ్లకూడదన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కొన్నిచోట్ల మాత్రం ఆగకూడదు. పట్టాదారు పాసుపుస్తకంలో వెంకటయ్య పేరు వెంకయ్య అని పడుతుంటే, గుమస్తా ఏమనుకుంటాడో అని మొహమాటపడితే ఆ రైతు ఏళ్లతరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పరగడుపున వేసుకోవలసిన మందును ఎవరైనా తిన్నాక అని రాసిస్తే అక్కడికక్కడే చెప్పాలి. సభలో వక్త కృతజ్ఞతలు అనవలసిన చోట కృతఘ్నతలు అంటున్నాడు, ఇంకో పదిసార్లు అనబోతున్నాడు. వెనకనుంచి ఒక చీటీ అందించండి. చీటీ చాలా మంచి పద్ధతి. ఎవరికీ వినపడదు, ఆ మనిషి తనంతట తాను సర్దుకుంటాడు. ఇదివరకు రేడియోలో ఏదైనా మాట తప్పుగా పలికితే కొందరు శ్రోతలు కార్డు ముక్క రాసేవారు. కార్యక్రమం బాగుంది అని రెండు మాటలు, ఫలానా పదం ఇలా పలకాలని మా అభిప్రాయం అని ఒక వాక్యం. పలికినవారికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

అన్నిటికన్నా మంచి పద్ధతి మాత్రం ఏ పండితుడూ కనిపెట్టలేదు. అమ్మలందరికీ వచ్చు. రెండేళ్ల పిల్ల, నాన్న వచ్చింది అంటుంది. తల్లి అది తప్పు అనదు. అవునా, నాన్న వచ్చాడా, ఏం తెచ్చాడు అంటుంది. ఆ జవాబులోనే సరైన మాట ఉంది. పిల్ల ఆగకుండా, బిక్కీలు తెచ్చాడు అంటుంది. దిద్దడం అయిపోయింది, సంభాషణ ఎక్కడా తెగలేదు. పెద్దవాళ్లతోనూ ఇలా చెయ్యవచ్చు. మాటకు మాట ఎత్తిచూపకుండా, మన జవాబులో ఆ మాటను సరిగ్గా వాడితే వినేవాళ్లు పట్టుకుంటారు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవలతో ఫోన్లో మాట్లాడే తాతయ్యలూ అమ్మమ్మలూ ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు నా మనవి. ఆ పిల్లల్లో కొందరు వారాంతాల్లో మనబడి లాంటి తెలుగు తరగతులకు వెళ్లి అఆలు దిద్దుకుంటున్నారు. వాళ్లకు రోజంతా చుట్టూ ఉన్నది ఇంగ్లీషు. తెలుగు అమ్మానాన్నల నోట, మీ నోట మాత్రమే ఉంది. తాతయ్యా, నువ్వు అన్నం తిన్నదా అని అడిగితే మీకు ముద్దొస్తుంది, నవ్వొస్తుంది. పక్కనున్నవాళ్లను పిలిచి మళ్లీ అనమంటారు. పిల్లకు అది ముద్దని తెలియదు. నవ్వారని మాత్రమే తెలుస్తుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఇంగ్లీషులో అడుగుతుంది. తర్వాత ఫోన్ దగ్గరికే రాదు. తిన్నానమ్మా, నువ్వు తిన్నావా అని జవాబివ్వండి. నువ్వు కాదు మీరు అనాలి అన్నది ఇంకో ఏడాదికి చెప్పవచ్చు.

బయటి రాష్ట్రాల నుంచి హైదరాబాదు, విశాఖపట్నం వచ్చి పనిచేసేవాళ్ల విషయంలో మనం మరీ నిర్దయగా ఉంటాం. బిహార్ నుంచి వచ్చిన మేస్త్రీ, సార్, నేను రేపు వస్తాడు అంటాడు. మనం నవ్వి వెంటనే హిందీలోకి మారిపోతాం. ఇది నవ్వు కన్నా పెద్ద దెబ్బ. నీకు మా భాష రాదులే అని చెప్పినట్టే. రేపు నువ్వు వస్తావా, ఎన్నింటికి వస్తావు అని తెలుగులోనే అడగండి. తొమ్మిదికి వస్తాను అంటాడు. తెలుగు నేర్చుకోవాలని ఒక మనిషి తనంతట తాను నోరు తెరిచాడు. ఆ నోటికి దారి ఇవ్వడం కన్నా తెలుగుకు మనం చేయగలిగిన సేవ ఏముంటుంది?

ఇంగ్లీషు గురించి కూడా ఒక మాట చెప్పాలి. తెలుగులో తప్పు చేస్తే మనవాళ్లు ఆ మాటను తప్పు పడతారు. ఇంగ్లీషులో తప్పు చేస్తే మనిషి విలువే తగ్గించేస్తారు. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో చేరిన కుర్రవాడు క్లాసులో లేచి ప్రశ్న అడిగితే, ప్రశ్న వదిలేసి క్రియను పట్టుకుని నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ తప్పు చూసి నవ్వేది ఇంగ్లీషు మీద ప్రేమతో కాదు. నువ్వు ఏ ఊరివాడివో, మీ నాన్న ఏం చేసేవాడో తెలిసిపోయింది అని చెప్పడానికి నవ్వుతారు. దీన్ని నేను దిద్దుబాటు అనను. అది అవమానం. పక్కన ఉన్నవాళ్లు అప్పుడు ఊరుకోకూడదు. అతను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి సార్ అని ఒక్కరు అన్నా చాలు.

ఇంతసేపూ ఆగండి, ఆగండి అని చెప్పాను. ఒకచోట మాత్రం మొహమాటం అసలు పనికిరాదు. పక్కింటి అమ్మాయి ఉద్యోగానికి దరఖాస్తు రాసుకుని తీసుకొచ్చి, అంకుల్, తప్పులుంటే చూస్తారా అని అడిగింది. కొత్తగా కథలు రాస్తున్న కుర్రవాడు రాతప్రతి చేతిలో పెట్టి, నిర్మొహమాటంగా చెప్పండి అన్నాడు. అలాంటప్పుడు బాగానే ఉందిలే అని తిరిగి ఇచ్చెయ్యడం వాళ్లకు ద్రోహం. తర్వాత చూస్తానని బల్ల మీద పడేసినా అంతే. కళ్లజోడు పెట్టుకుని కూర్చోండి. వాళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఎర్ర సిరా వద్దు, పెన్సిలు తీసుకోండి. ముందు మొత్తం చదివి ఏం చెప్పదలిచారో అర్థం చేసుకుని, తర్వాత మొదటి వాక్యం నుంచి అక్షరం అక్షరం చూడండి. ఇది ఎందుకు తప్పో చెప్పండి. మీకు అనుమానంగా ఉన్నచోట నిఘంటువు తీసి ఇద్దరూ కలిసి వెతకండి. గంట పడితే గంట, రెండు పడితే రెండు.